ఎదురింటామెకు కప్పిన శాలువా

మా క్రైస్తవ సంఘం ఎలా పుట్టిందో చెప్పే సాక్ష్యం ఒకటి ఉంది. శేరిలింగంపల్లి చుట్టుపక్కల మందిరాలకు వెళ్ళేవాళ్ళలో చాలామంది దాన్ని విన్నారు, ఫోన్లలో చూశారు. ఐటీ కంపెనీల మధ్య ఒక పెద్ద అపార్ట్‌మెంటు. అక్కడ ఊడ్చి తుడిచే ఆడవాళ్ళ కోసం ఒక సోదరి తన ఇంట్లో ప్రార్థన పెడుతుంది. ఎదురింటి పెద్దావిడ అడ్డు చెప్పి ఆపిస్తుంది. ఆ ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నం మానేసి ఆమె కోసమే ప్రార్థన చేస్తారు. ఆమె మనసు మారుతుంది.

ఆ సోదరి నా భార్య. ఆ పెద్దావిడ మనసు మారలేదు, ఎందుకంటే ఆమె ఎవరికీ అడ్డు చెప్పలేదు. ఆపించింది నేను. నెపం ఆమె మీదికి నెట్టిందీ నేనే. చెప్పవలసిన రోజున చెప్పలేదు కాబట్టి ఇప్పుడు మొదటినుంచి రాస్తున్నాను.

మాది కృష్ణా జిల్లా వైపు. పెళ్ళయిన కొత్తలోనే ఇద్దరం హైదరాబాదు వచ్చాం. ఇద్దరి ఉద్యోగాలూ హైటెక్ సిటీ చుట్టే. నానక్‌రామ్‌గూడ దగ్గర ఫ్లాటు కొనుక్కున్నాక కూడా ఆదివారం చందానగర్‌లోని పాత మందిరానికే వెళ్ళేవాళ్ళం. ఒక ఆదివారం తిరిగి వస్తుంటే, లిఫ్టు దగ్గర నేల తుడుస్తున్న ఆమె మా ఆవిణ్ణి ఆపింది. పాలమూరు వైపు నుంచి వచ్చిన మనిషి. ఉదయం మా టవరులో హౌస్‌కీపింగ్, సాయంత్రం మా ఎదురింట్లో వంటపని.

"అక్కా, చర్చికి పొయ్యొస్తున్నరా? ఇయ్యాల ఏం వాక్యం జెప్పిన్రు?"

ఊళ్ళో ఉండగా ఆమె ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్ళేదట. ఇక్కడికి వచ్చాక ఒక్కసారీ కుదరలేదు. ఆదివారం అందరూ ఇళ్ళలోనే ఉంటారు, చెత్తా ఎక్కువే, పనీ ఎక్కువే. ఆ రోజు సెలవడిగితే ఇవ్వరు. మా ఆవిడ చేతిలోని సంచీ కింద పెట్టి, నేల తడి ఆరేదాకా అక్కడే నిలబడి ఆ రోజు విన్నదంతా చెప్పింది. నేను లిఫ్టు ఆపి పట్టుకున్నాను. తలుపులు మూసుకోబోయి మళ్ళీ తెరుచుకుంటూ కూత పెడుతున్నాయి. "పద, ఎవరైనా వస్తారు" అన్నాను.

తర్వాతి ఆదివారం అక్కడ ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు.

మా ఆవిడకు పిలుపు అలా వచ్చింది. కల రాలేదు, స్వరమేదీ వినబడలేదు. ముగ్గురు మనుషులు మాపులు గోడకానించి ఆమె కోసం చూస్తున్నారు, అంతే. ఉదయం షిఫ్టు దిగాక, సాయంత్రం వంటపనులకు వెళ్ళేలోపు వాళ్ళకు కొంచెం ఖాళీ ఉంటుంది. ఆదివారం ఆ వేళకు వాళ్ళను ఇంటికి పిలిచి ఆరాధన జరుపుతానంది.

"మన హాల్లోనా?" అన్నాను.

"మరెక్కడ? గేటు దాటి ఎక్కడికైనా పోయి రావడానికే ఆ కాస్త టైమూ అయిపోతుంది."

"అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు. పనివాళ్ళు ఫ్లాట్లలో కూర్చోకూడదని రూలుంది."

"పని చేయడానికి రావచ్చు గానీ కూర్చోకూడదా? ఆ రూలు రాసినాయన ఇంట్లో కుర్చీలు లేవేమో."

"నవ్వులాట కాదు. మతం మారుస్తున్నారంటారు."

"వాళ్ళు పుట్టిన దగ్గర్నుంచీ విశ్వాసులేనండీ. నేను కొత్తగా మార్చేదేముంది? మీరు టీ పెట్టివ్వండి చాలు."

చందానగర్ మందిరం కాపరిని, అంటే పాస్టరును, మేం అయ్యగారు అంటాం. ఆయనను అడిగితే, "ఆడవాళ్ళు పాడవచ్చు, ప్రార్థన చేయవచ్చు. ఒక సంఘాన్ని నడిపించడం వేరే సంగతమ్మా" అన్నారు. ఔనని అనలేదు, కాదనీ అనలేదు. అనుమతి లేదు, స్థలం లేదు, వచ్చేవాళ్ళకు సెలవు లేదు. వీటికి తోడు ఇంట్లో నేనున్నాను.

నా భయం గురించి చెప్పాలి. మా నాన్న పల్లెలు తిరిగి సువార్త చెప్పేవాడు. నా చిన్నతనంలో ఒక సాయంత్రం ఆయన చొక్కా భుజం దగ్గర చిరిగి, ఒక కాలికే చెప్పుతో ఇంటికి వచ్చాడు. అమ్మ ఏమీ అడగకుండా వేణ్ణీళ్ళు పెట్టింది. నాన్న మర్నాడు వేరే చెప్పులు వేసుకుని మళ్ళీ అదే ఊరు వెళ్ళాడు. ఆయన తిరిగి వచ్చేదాకా నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నాకు తెలిసినంతవరకు ఆ గుమ్మం నేను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

హైదరాబాదులో నన్నెవరూ ఏమీ అనలేదు. ఆ మాటా చెప్పాలి. చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదస్తులు, పండుగలకు పిండివంటలు పంపేవాళ్ళు. అయినా మా ఆవిడ కారు వెనక అద్దానికి అంటించిన బైబిలు వచనం స్టిక్కరును నేను బ్లేడుతో గీకేశాను. క్రిస్మస్‌కు సెలవు పెడితే సొంతపని అని రాసేవాణ్ణి.

ప్రార్థన మొదలైంది. పదిమంది దాకా వచ్చేవాళ్ళు. వాళ్ళు బయట విడిచిన చెప్పులను నేనే ఒక్కొక్క జతా లోపలికి తెచ్చి తలుపు వెనక పేర్చేవాణ్ణి. ఇంత మర్యాద చేస్తున్నాడేంటని వాళ్ళు సిగ్గుపడేవాళ్ళు. "సార్, మీరు ముట్టొద్దు సార్" అనేవాళ్ళు. వరండాలో అన్ని జతలు కనబడకూడదని నా తాపత్రయం. వాళ్ళు పాట ఎత్తుకుంటే నేను కిటికీలు మూసి, ఫ్యాన్లన్నీ వేసి, తలుపుకున్న చిన్న అద్దంలోంచి ఎదురింటి తలుపును చూస్తూ నిలబడేవాణ్ణి. ఆ తలుపు ఎప్పుడూ తెరుచుకోలేదు. తెరుచుకోకపోయేకొద్దీ నా భయం పెరిగింది. లోపల ఫోను చేస్తున్నారేమో, ఎవరినో పిలుస్తున్నారేమో అనిపించేది.

ఎదురింట్లో ఉన్నది తణుకు వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు, ఇద్దరే. ఆయన గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. ఆవిడే చూసుకుంటుంది. లిఫ్టులో కనబడితే "బాగున్నారా బాబూ" అనేది. అంతకుమించి మాకు పరిచయం లేదు.

ఒకరోజు ఆఫీసు క్యాంటీన్‌లో నా పక్కనతను ఫోను నా ముందు పెట్టాడు. ఎక్కడో, ఏ ఊరో తెలియదు, ఒక ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే జనం లోపలికి తోసుకొచ్చి కుర్చీలు విసిరేస్తున్నారు. ఒకామె పిల్లను పొట్టకు అదుముకుని గోడవైపు తిరిగి నిలబడింది. "చూశారా సార్, అపార్ట్‌మెంట్లలో కూడా మొదలెట్టేశారు" అన్నాడు. అతను ఎవరి మీదా కక్ష లేనివాడు. ఏ వీడియో వచ్చినా అందరికీ అలాగే చూపిస్తాడు. నేను నవ్వాను. నవ్వి, పెరుగన్నం తినలేక పళ్ళెం పక్కన పెట్టేశాను. ఆ వీడియోలో గడియ ఊడి వేలాడుతున్న తలుపు మా తలుపులాగే ఉంది.

ఆ సాయంత్రం కారు పెట్టి, పైకి వెళ్ళకుండా సెక్యూరిటీ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. వికారాబాద్ వైపు మనిషి, నవ్వుముఖం.

"ఏంది సార్, గిట్లొచ్చిన్రు? కారుకు ఏమన్న అయ్యిందా?"

"కారు కాదు. ఆదివారం మధ్యాహ్నం హౌస్‌కీపింగ్ వాళ్ళను మా అంతస్తుకు పంపకండి."

"మేడమే రమ్మన్నరని చెప్తున్నరు గద సార్."

"మేడమ్‌కు నేను చెప్తాను. పక్కవాళ్ళకు ఇబ్బందవుతోంది."

"ఎవలకు సార్? రేపు మేడం నన్ను అడుగుతది. ఎవలో చెప్తె నాకు ఫికర్ ఉండదు."

అతను అడిగింది న్యాయమే. ప్రతి ఆదివారం చూస్తూ నిలబడ్డ తలుపే కళ్ళముందుకు వచ్చింది.

"ఎదురింటావిడ" అన్నాను.

"ఆ ముసలమ్మనా? మంచిగనే మాట్లాడ్తది గద సార్ ఆమె!"

"బయటికి అలాగే ఉంటారు."

అతను తల ఊపాడు. లిఫ్టులో పైకి వస్తున్నప్పుడు, సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఊపిరి హాయిగా ఆడింది.

ఆదివారం వాళ్ళను కిందే ఆపేశారు. మా ఆవిడ సమోసాల పళ్ళెం బల్లమీద పెట్టి కిందికి పరుగెత్తి, చాలాసేపటికి వచ్చింది.

"ఎదురింటి ఆంటీగారట. నేను నమ్మలేకపోతున్నాను. వెళ్ళి అడుగుతాను."

"వద్దు. అడిగితే పెద్దదవుతుంది. ఆయన మంచంలో ఉన్నాడు, ఇప్పుడు వాళ్ళతో గొడవేంటి? నేను ముందే చెప్పానుగా."

ఆమె నా ముఖంలోకి చూసింది. కనిపెట్టేసిందనుకున్నాను. "నిజమే, ఆయన మంచంలో ఉన్నారు. ఆవిడకు నిద్ర ఉండదు. మనమే ఆలోచించలేదు" అంది. అబద్ధం చెప్పి దొరికిపోతానని భయపడ్డవాణ్ణి, దొరకనందుకు ఇంకా భయపడ్డాను.

ప్రార్థన ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. సెల్లారులో హౌస్‌కీపింగ్ సామాను పెట్టుకునే గది ఉంది. మాపులు, బకెట్లు, ఫినాయిలు వాసన. వాళ్ళు అక్కడే అట్టపెట్టెలు పరుచుకుని కూర్చున్నారు. మా ఆవిడ బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. అక్కడ కూడా ఎవరి చెవినా పడకూడదని పాటలు గొణిగినట్టు పాడేవాళ్ళు.

అయ్యగారికి ఈ సంగతి తెలిసి కబురు పెట్టారు. "దేవుణ్ణి ఒక గుర్తు అడుగుదామమ్మా. ఆ ఎదురింటి తల్లి మనసు మారి, తలుపు మళ్ళీ తెరుచుకుంటే, నీ పిలుపు నిజమని నేను ఒప్పుకుంటాను. నేనే వచ్చి నీ తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తాను. తెరుచుకోకపోతే నువ్వూ నా మాట వినాలి, మానేయాలి." మా ఆవిడ సరేనంది. అప్పుడు నాకు అర్థమైంది, ఆమె పిలుపు మొత్తం నేను అన్న ఒక్క మాటమీద ఆగి ఉందని.

వాళ్ళు ఉపవాసం మొదలుపెట్టారు. పొద్దున్నుంచీ మెట్లు కడిగి వచ్చినవాళ్ళు, డబ్బాలు విప్పకుండా పక్కన పెట్టుకుని మోకాళ్ళమీద కూర్చున్నారు. ఆ రోజు మా ఆవిడ నన్నూ తీసుకెళ్ళింది. కాదంటే అనుమానం వస్తుందని వెళ్ళాను. పాలమూరు ఆమె ప్రార్థన చేసింది.

"అయ్యా తండ్రీ, ఆ ఎదురింటమ్మ మనసు నువ్వే మార్చాలె. ఆమె ఇంట్ల అన్నం తిన్న నేను. ఆమె గిట్ల జేస్తదనుకోలే. ఆమె మీద నాకు శానా కోపముంది తండ్రీ, ఆ కోపం తీసెయ్యి. గామె ముఖం జూడబుద్ధి గాక పని ఇడిసిపెట్టిన. ఎవలు మమ్ముల ఆపిన్రో ఆళ్ళను శిక్షించకు. జర ఆళ్ళకు బుద్ధి జెప్పు."

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. దేవుడు నిజంగా వింటున్నాడన్న నమ్మకం నాకు జీవితంలో ఎప్పుడూ అంత గట్టిగా కలగలేదు, కలిగినందుకు అంత భయమూ వేయలేదు. ఎదురింట్లో ఆమె పని మానేసిందన్న సంగతి నాకు తెలిసింది కూడా అప్పుడే.

మరో ఆదివారం, మా ఆవిడ సెల్లారులో ఉన్నప్పుడు, మా బెల్లు మోగింది. చిన్న అద్దంలోంచి చూస్తే ఎదురింటావిడ. చీర కొంగు బొడ్లో దోపుకుని, రొప్పుతోంది. దాక్కోవాలనిపించింది. తలుపు తీశాను.

"బాబూ, ఏమనుకోకండి. మావారు మంచం మీంచి జారిపోయారు. పనమ్మాయి రావడం మానేసింది. ఒక్క చెయ్యి వేస్తారా?"

వెళ్ళాను. ఆయన మంచానికీ గోడకూ మధ్య ఒరిగి ఉన్నాడు. చంకల కింద చేతులు వేసి లేవదీశాను. పెద్ద మనిషి, బరువు. ఆవిడ ఒక్కతే ఇన్ని రోజులుగా ఆయనను ఇలాగే అటూ ఇటూ తిప్పుతోందన్నమాట. ఆమె మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ఉంది.

"ఆ అమ్మాయిని నేనేమైనా అన్నానా అని ఆలోచిస్తున్నానండీ. ఏమీ గుర్తు రావడం లేదు. మీ ఆవిడతో బాగా మాట్లాడుతుంది కదా, కాస్త కనుక్కోమని చెప్పండి."

"అలాగేనండీ."

"మీ ఇంట్లో ఆదివారం పాటలు కూడా మానేశారేం?"

"మీకు ఇబ్బందిగా ఉండేదా ఆంటీగారూ?"

"అయ్యో, ఆ గంటసేపే నాకు కునుకండీ! ఈయన చెవులు రిక్కించి వింటూ నన్ను పిలిచేవారు కాదు. ఎవరో ఒకామె శ్రుతి తప్పుతోందని తిట్టుకుంటూ కూర్చునేవారు."

మంచంమీంచి ఆయన నోరు ఒక పక్కకు లాగి, ముద్దగా అన్నాడు. "రెండో ఆమె. గొంతు కీచు."

ఇంటికి వచ్చి వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజే చెప్పేయాల్సింది. దానికి బదులు మళ్ళీ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. "ఎదురింటావిడ పోనీలే అంది. ఇక పంపించండి" అన్నాను.

"గంతేనా సార్? మంచిగాయె!" అన్నాడతను. ఆ సాయంత్రానికి టవరంతా తెలిసిపోయింది.

వాళ్ళు ఆదివారం ఏడుస్తూ, నవ్వుతూ పైకి వచ్చారు. పాలమూరు ఆమె మల్లెపూలు పట్టుకుని నేరుగా ఎదురింట్లోకి వెళ్ళింది. "దేవుడు మిమ్ముల సల్లగ జూడాలె అమ్మా" అందట. ఏమీ అర్థం కాకపోయినా, "రావడం మానకే తల్లీ" అని ఆవిడ సంబరపడిందట. ఆ రోజే పని మళ్ళీ మొదలుపెట్టింది. నేను చేసింది సరిదిద్దేశాననుకున్నాను. ఇక ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

అయ్యగారు మాట నిలబెట్టుకున్నారు. గుర్తు వచ్చిందన్నారు. మా ఆవిణ్ణి ప్రతి మందిరానికీ తీసుకెళ్ళి సాక్ష్యం చెప్పించారు. చెప్పేకొద్దీ ఎదురింటావిడ కఠినురాలవుతూ వచ్చింది. ఒకచోట ఆమె పోలీసులను పిలుస్తానని బెదిరించిందని కూడా ఎవరో కలిపారు. మా ఆవిడ ఆ మాట దిద్దింది. నేను ముందు వరుసలో కూర్చుని విన్నాను. జనం పెరిగారు, హాలు చాలలేదు. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో, సిమెంటు దుకాణం మీద ఒక గది కిరాయికి దొరికింది. ఆ గదిని ఆరంభించే రోజునే మా ఆవిణ్ణి సేవకు ప్రతిష్ఠించాలని అయ్యగారు నిర్ణయించారు. ఎదురింటి తల్లిని పిలిచి శాలువాతో సన్మానం చేద్దామని పాలమూరు ఆమే అంది. అందరికీ నచ్చింది.

మేలు చేసినవాళ్ళకు శాలువా కప్పకపోతే మనవాళ్ళకు తృప్తి ఉండదు. వద్దనడానికి నాకు ఒక్క కారణం కూడా దొరకలేదు, ఉన్న ఒక్కటీ చెప్పలేనిది. పాలమూరు ఆమె తమ్ముణ్ణి పెద్దాయన దగ్గర కూర్చోబెట్టి, ఆవిణ్ణి మా కారులోనే తీసుకెళ్ళాం.

"నాకెందుకమ్మా ఇదంతా?" అని ఆవిడ వెనక సీట్లోంచి అడుగుతోంది.

"మీరు మాకు చేసిన మేలుకండీ" అంది మా ఆవిడ.

"ఏం మేలు? మీకెప్పుడైనా ఒక కాఫీ అయినా ఇచ్చానా?"

మా ఆవిడ నవ్వింది. కారు ఎక్కడైనా ఆగిపోతే బాగుండునని, వాన పడితే బాగుండునని, చిన్నపిల్లాడిలా ప్రార్థించాను.

అయ్యగారు మైకు పట్టుకున్నారు. "ఒకప్పుడు ఈ సంఘానికి అడ్డుగోడలా నిలబడిన ఈ తల్లి, ఈ ప్రార్థనలను ఆపించిన ఈ తల్లి..." పాలమూరు ఆమె శాలువా విప్పి ఆవిడ భుజాలమీద కప్పుతోంది.

"నేనా?" అంది ఆవిడ. మైకులో వినబడింది. "నేనెప్పుడు ఆపించానండీ?"

కొందరు నవ్వారు, తర్వాత ఆగిపోయారు. అయ్యగారు మా ఆవిడ వైపు చూశారు. తెల్లచీరలో ఉన్న మా ఆవిడ నావైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలియదు, మామూలుగానే చూసి ఉండవచ్చు. నాలుగు అడుగులు వేస్తే మైకు. నేను లేవలేదు.

ఆవిడ చుట్టూ చూసింది. ముందు కూర్చున్న ఆడవాళ్ళను, కళ్ళనిండా నీళ్ళతో శాలువా అంచు పట్టుకుని నిలబడ్డ తన పనిమనిషిని, ఎర్రబడ్డ అయ్యగారి ముఖాన్ని. శుభకార్యం చెడగొట్టడం ఇష్టంలేని మనిషి. నెమ్మదిగా చేతులు జోడించింది.

"ఏమో నాయనా, పెద్దదాన్నయ్యాను. ఆయన జబ్బు చిరాకులో ఏదో అని ఉంటాను. మీ మనసు కష్టపెట్టి ఉంటే ఏమీ అనుకోకండమ్మా."

తన తప్పు కానిదానికి ఆమె వాళ్ళకు క్షమాపణ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తర్వాత అయ్యగారు నా భార్య తలమీద చేతులుంచారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ శాలువా తీయకుండానే కారెక్కింది. మా అంతస్తులో దిగాక, బెల్లు కొట్టబోయి వెనక్కి తిరిగింది. "బాబూ, నేనేమన్నానో మీకైనా గుర్తుందా? ఈయనకు చెప్పాలి. నా బుర్ర ఇలా అయిపోయిందేమిటని భయంగా ఉంది. మా అమ్మకూ చివర్లో మతిమరుపే."

ఆమె కళ్ళలో ఉన్నది నాకు బాగా తెలిసిన భయం. దాన్ని ఆమెకు నేనే అంటించాను.

"మీరేమీ అనలేదండీ. నేనన్నాను. అని, మీ పేరు చెప్పాను."

మా ఆవిడ పక్కనే ఉంది. ఎదురింటావిడ భుజాలమీది శాలువా తీసింది. "అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట" అంది. తర్వాత, "మరి ఇందాక అక్కడ కూర్చునే ఉన్నారు కదా బాబూ?" అంది. జవాబు కోసం చూడలేదు. శాలువా మడతపెట్టి మా ఆవిడ చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇంట్లోకి వచ్చాక మా ఆవిడ అడిగింది. "ఎందుకు?"

"భయం."

"నాకు లేదనుకున్నారా? ప్రతి ఆదివారం తలుపు తీసేటప్పుడు నా చేతులు ఎప్పుడైనా చూశారా? మీరు వెనక నిలబడ్డారు గదా అని తీసేదాన్ని."

ఆమే అయ్యగారికి ఫోను చేసి అంతా చెప్పింది. గుర్తు అనుకున్నది గుర్తు కాదని, దాన్ని చూసి ఉంచిన చేతులు ఆయన వెనక్కి తీసుకోవచ్చని చెప్పింది. తాను ఆలోచించుకునేదాకా ఆమెను వాక్యం చెప్పవద్దన్నారట.

తర్వాతి ఆదివారం ఆ గదిలో నేను నిలబడి చెప్పాను. క్షమించారని రాయాలనుంది, కానీ అలా జరగలేదు. పాలమూరు ఆమె లేచి నిలబడింది.

"నేను ఆ ముసలామెను ఎంత తిట్టుకున్ననో మీకు ఎరికేనా సార్? ఆమె చెయ్యి బెణికింది నేను పోకనే. మీరు మా చెప్పులు మోస్తుంటె దేవుని మనిషి అనుకున్నం. గా చెప్పులు దాస్తున్నరని ఇప్పుడు సమజైంది."

ఇద్దరు ముగ్గురు ఆ రోజు నుంచి రావడం మానేశారు. ఆమె వస్తుంది గానీ నాతో మాట్లాడదు. ఎదురింటావిడ లిఫ్టులో కనబడితే ఇప్పటికీ "బాగున్నారా" అంటుంది, చివర బాబూ అనడం లేదు.

సాక్ష్యం మాత్రం ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. అది ఎక్కడెక్కడ చెప్పామో ఆ మందిరాలన్నిటికీ వెళ్తున్నాను. కొందరు కాపరులు ఐదు నిమిషాలు ఇస్తారు. కొందరు, జనం విశ్వాసం దెబ్బతింటుంది వదిలేయండి బ్రదర్ అంటారు. అందుకే ఇది రాశాను. ఎవరైనా మీ ముందు ఆ కథ చెబితే, ఆ పెద్దావిడ ఏమీ అనలేదని దయచేసి చెప్పండి.

మొన్న ఆదివారం అయ్యగారు చెప్పకుండా వచ్చి వెనక చాపమీద కూర్చున్నారు. ఆయన మాట ఇంకా ఏదీ రాలేదు కాబట్టి మా ఆవిడ ముందుకు వెళ్ళడం లేదు, ఆడవాళ్ళ మధ్యనే కూర్చుంటోంది. కానీ పాట అయ్యాక అందరూ ఆమె వైపే తిరిగారు. ఆమె ఒకసారి అయ్యగారిని చూసింది. ఆయన తల దించుకున్నారు. ఆమె కూర్చున్న చోటినుంచే చెప్పడం మొదలుపెట్టింది. అంతా అయ్యాక ఆయన లేచి, "ఇంకొంత కాలం చూద్దామమ్మా" అన్నారు.

"చూడండయ్యగారూ" అంది. "వచ్చే ఆదివారం కూడా మేమిక్కడే ఉంటాం."

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. మా ఆవిడ చాపలు చుట్టబోయింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. నేను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను. ఆమె వద్దనలేదు.